టైరు మార్చాక తగ్గిన మైలేజీ: అసలు దొంగ దొరికాడు

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నా కారు ఐదో గేరులో చిన్న ఎత్తుకే ఆయాసపడేది. నాలుగోది వేస్తేగానీ కదిలేది కాదు. మైలేజీ కూడా తగ్గింది. క్లచ్ పోయిందేమోనని టెన్షన్ పడి మెకానిక్‌కి చూపించాను. క్లచ్ బాగానే ఉంది.

ఒకరోజు ఫోన్‌లో జీపీఎస్ పెట్టి నడిపాను. అది 50 కిలోమీటర్లు చూపించేసరికి ఓడోమీటర్ (తిరిగిన దూరం చూపే మీటర్) 48 దగ్గరే ఉంది. అప్పుడు వంగి టైరు పక్కన అంకెలు చదివాను: 205/65 ఆర్15. అంటే వెడల్పు 205 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, లోపలి రిమ్ 15 అంగుళాలు. డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీది కంపెనీ స్టిక్కర్‌లో ఉన్నది 185/65 ఆర్15. నాకు అమ్మకముందే ఎవరో టైర్లు మార్చేశారన్నమాట.

లెక్క వేస్తే అసలు టైరు వ్యాసం 621.5 మి.మీ., ఇది 647.5. అంటే 4 శాతం పెద్దది. దూరం కొలిచే సెన్సర్ చక్రం చుట్లనే లెక్కిస్తుంది, ఒక్కో చుట్టుకి ఎంత దూరం పోయామో దానికేం తెలుసు? చుట్టుకి ఎక్కువ దూరం లాగాలి కాబట్టి ఇంజిన్‌కి గేర్లన్నీ 4 శాతం బరువెక్కినట్టే. తగ్గిన మైలేజీలో కొంత ఉత్త లెక్క తేడా!

తమాషా ఏంటంటే, స్పీడోమీటర్ జీపీఎస్‌తో సరిగ్గా కలిసింది. మామూలుగా కంపెనీ మీటర్ కాస్త ఎక్కువే చూపిస్తుంది, ఆ ఎక్కువని పెద్ద టైరు మింగేసింది. అందుకే ఇన్నాళ్లూ నాకు అనుమానం రాలేదు.

వెడల్పు నాకూ ఇష్టమే కాబట్టి 195/60 ఆర్15 వేయించాను. వ్యాసం 615, తేడా 1 శాతమే. ఇప్పుడు స్పీడోమీటర్ 100 అంటే జీపీఎస్ 95 అంటోంది. ఆ ఎత్తు ఐదో గేరులోనే ఎక్కుతోంది.