ఏల్ రుచి పాఠాలు – 4: చేదని రాశారు, వగరును మింగారు

ఈసారి ఏల్ అనే బీరుకి చేదునిచ్చే హాప్ పువ్వుల రకాలు చెప్తానని మాటిచ్చాను. మూడో పాఠానికి మీరు పంపిన నోట్సు చదివాక వాటిని చివరికి నెట్టేశాను.

ఇచ్చిన పని చిన్నదే. ఇంగ్లండులో ససెక్స్ జిల్లా, లూయిస్ ఊరు, హార్వీస్ అనే బీరు భట్టీ వాళ్ల ‘ససెక్స్ బెస్ట్’ ఏల్. అర పైంటు తాగి ఐదు వాక్యాలు రాయమన్నాను. అక్కడ ఉన్నవాళ్లు పబ్బుకి వెళ్లారు, మిగతావాళ్లు దొరికిన ఏల్ సీసాతో కానిచ్చారు. సగం మంది రాసింది: “చప్పగా ఉంది, వెచ్చగా ఉంది, గ్యాసు పోయినట్టుంది.” మిగతా సగం మందికి దొరికింది ఒక్కటే మాట, చేదు. ఒకాయన ఐదు వాక్యాల్లోనూ చేదనే రాసి, ఐదోదాంట్లో మాత్రం “చాలా” చేర్చారు.

మొదటి సగం వాళ్ల తప్పు నాది. పబ్బులో ఏల్ ఉండే పీపా సంగతి చెప్పకుండా పంపాను.

పబ్బులో చేతి పంపుతో లాగి పోసే ఏల్‌లో దాన్ని పులియబెట్టే ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. పీపాలోకి చేరాక మళ్లీ కాస్త పులుస్తుంది. ఆ పులియడంలో పుట్టిన గ్యాసే దానికున్న గ్యాసు, బయటి నుంచి ఎక్కించరు. అందుకే లాగర్ అనే మామూలు బీరులో ఉండే బుడగల్లో సుమారు సగమే ఉంటాయి. నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. అది వెచ్చన కాదు, మట్టికుండ చల్లదనం. మీరు వెచ్చన అంటున్నది ఫ్రిజ్‌తో పోల్చుకుని. ఫ్రిజ్‌లోంచి తీసిన సాంబారు చల్లగానే నోట్లో పోసుకోండి, ఇంగువ ఎక్కడుందో చెప్పండి చూద్దాం. ఏల్ కూడా అంతే. 4 డిగ్రీల దగ్గర సగం వాసన గ్లాసు దాటి పైకి రాదు.

కల్లు తెలిసినవాళ్లకి ఈ పీపా కథ కొత్తది కాదు. పొద్దున చెట్టు దిగినప్పుడు తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. పీపాది ఇదే ప్రయాణం, నడక నెమ్మది. తెరిచాక మూడు రోజులు బాగుంటుంది, ఆ తర్వాత గాలి తగిలి పాడవుతుంది. కాబట్టి జనం లేని పబ్బులో, వరసగా ఆరేడు పంపులు కనిపిస్తే నేను ఏల్ అడగను. ఒకసారి పేరు చెప్పని ఒక పబ్బులో మొహమాటపడి వెనిగర్ వాసన కొట్టే గ్లాసు మొత్తం తాగాను. ఆ రాత్రి కడుపు చెప్పిన పాఠం ఇది: ఆవకాయలో బూజు కనిపిస్తే పక్కన పెడతాం కదా, అలాగే గ్లాసు వెనక్కిచ్చి “ఇది మారిపోయింది, వేరేది పోయండి” అనాలి. చాలాచోట్ల మారు మాట లేకుండా మారుస్తారు.

ఇక రెండో సగం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

షడ్రుచుల్లో చేదు, వగరు అని రెండింటికీ విడివిడిగా పేర్లు పెట్టుకున్న భాష మనది. ఏటా ఉగాది రోజు రెండింటినీ ఒకే గిన్నెలో పెట్టుకుని తింటాం. అయినా గ్లాసు చేతికి రాగానే రెండూ ‘చేదు’ అయిపోతాయి. వేపపువ్వు చేదు. మామిడి పిందె తొక్కలో ఉన్నది వగరు. కాకరకాయ చేదు, మెంతులు చేదు, నమిలేసిన క్వినైన్ మాత్ర చేదు. నేరేడు పండు వగరు, పచ్చి జామ వగరు, వక్క వగరు, కరక్కాయ వగరు, దానిమ్మ గింజల మధ్య పొర వగరు, పొయ్యి మీద మరిచిపోయిన టీ వగరు. ఉసిరికాయలో వగరూ పులుపూ కలిసి ఉంటాయి, దాన్ని ఇప్పుడే ముట్టుకోకండి. అరటికాయ తరిగేటప్పుడు వేళ్లకి అంటే జిగురుంది చూశారా, దాన్ని నాలుక మీద ఊహించుకుంటే వగరు ఏమిటో తెలిసిపోతుంది.

తేడా ఎక్కడుందంటే, చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు నిజానికి స్పర్శ. వగరు పదార్థంలోని టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. నోట్లో ఉండాల్సిన జారుడు పోతుంది. చెంపల లోపల చర్మం ముడుచుకున్నట్టవుతుంది. చేదు అలా చేయదు. చేదుకి నోరు ఊరుతుంది, వగరుకి నోరు ఎండుతుంది. చేదు నాలుక వెనక మాత్రమే తెలుస్తుందని చిన్నప్పుడు బొమ్మ వేసి చూపించారే, ఆ నాలుక పటాన్ని మరిచిపోండి. నాలుక మీద రుచి తెలిసే చోటల్లా చేదు తెలుస్తుంది.

నా దొంగదారి ఒకటుంది. మింగాక నాలుకను అంగిలికి రుద్దండి. జారితే చేదు, గరగరలాడితే వగరు. రెండూ జరిగితే రెండూ రాయండి, ఎవరూ అడ్డుపడరు.

దీన్ని ఇంత సాగదీయడానికి కారణం ఉంది. ఏల్‌లో ఈ రెండూ వచ్చే దారులు వేరు. చేదు హాప్ పువ్వుల్ని మరిగించడం వల్ల వస్తుంది. వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు ఆ వేడికి రూపు మారితేనే అసలు చేదు దిగుతుంది. వగరు ఎక్కువగా బార్లీ పొట్టులోంచి వస్తుంది, మరీ వేడి నీళ్లతో కడిగితే, మరీ ఎక్కువసార్లు కడిగితే. మొదటిది చేసేవాడి ఉద్దేశం. రెండోది చాలాసార్లు చేసేవాడి పొరపాటు. “చేదుగా ఉంది” అని మీరు రాస్తే మెచ్చుకున్నారో తిట్టారో నాకు తెలియదు.

ఇంకో చిక్కు. ససెక్స్ బెస్ట్ తాగాక చివర్లో ఒక ‘ఎండిపోవడం’ ఉంటుంది. చాలామంది దాన్నీ చేదు ఖాతాలో వేశారు, ఇద్దరు వగరన్నారు. నా లెక్కలో రెండూ కాదు. మొదట్లో బిస్కట్టులా, కాస్త ముదురు బెల్లం పాకంలా ఉన్న మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి మింగేసరికి తెగిపోతుంది. తీపి తప్పుకున్న చోట చేదు ఒంటరిగా మిగులుతుంది. ఉగాది పచ్చడిలో బెల్లమూ పులుపూ గొంతు దిగాక వేపపువ్వు నింపాదిగా తలుపు తడుతుందే, అదే వరస. అందుకే ఏల్‌ని వైన్ పరీక్షకుల్లా ఉమ్మేయకూడదు. మింగితేనే సగం రుచి బయటపడుతుంది. చిన్న గుక్కలు చాలు, అర పైంటు అంటే 284 మిల్లీలీటర్లే. కారు తాళాలు ఇంట్లో వదిలి వెళ్లండి.

హార్వీస్‌నే ఎందుకు పట్టుకున్నానని ఒకరు అడిగారు. చిన్న సంస్థ, ఒకే ఊరు, చేసే ఏల్ రకాలన్నిటి వెనకా ఒకే చేయి తెలుస్తుంది, నేర్చుకునేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? జాన్ హార్వీ 1790లో మొదలుపెట్టాడు. ఊజ్ నది ఒడ్డున ఇప్పుడున్న గోపురం లాంటి భవనం 1881లో విలియం బ్రాడ్‌ఫర్డ్ నమూనాతో లేచింది. ఊరివాళ్లు దాన్ని సరదాగా లూయిస్ కథీడ్రల్ (పెద్ద చర్చి) అంటారు. 2000 అక్టోబరులో నది పొంగి భట్టీలోకి నీళ్లొచ్చాయి. ఆ వరదను తట్టుకుని మిగిలిన ఏల్‌ని ‘ఊజ్ బూజ్’ అని అమ్మారు. అక్కడ బూజ్ అంటే మద్యం. మన బూజు పట్టిందనుకుని భయపడకండి.

అన్నిటికంటే నాకిష్టమైనది వాళ్ల ఈస్ట్ కథ. 1957లో ఉత్తరాన యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్ నుంచి, జాన్ స్మిత్స్ అనే ఇంకో బీరు భట్టీ వాళ్ల దగ్గర తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఒక విడతలో పెరిగిన ఈస్ట్‌ని తీసి తర్వాతి విడతలో వేస్తూనే ఉన్నారు. పక్కింటి నుంచి తోడు తెచ్చుకుని, రోజూ ఒక చెంచా మిగుల్చుకుంటూ అరవై ఏళ్లు దాటించినట్టు. ఒకే పాలకి వేర్వేరు ఇళ్ల తోడు వేస్తే పెరుగు వేర్వేరుగా వస్తుంది కదా. ఆ ఏల్‌లో నాకు తగిలే పండు వాసనలో కొంత వాటా ఆ తోడుదే.

మిగతావి గబగబా. చలికాలంలో వచ్చే ‘ఓల్డ్ ఏల్’లో మద్యం 4.3 శాతం, ముదురు రంగు, తీపి ముందుంటుంది. ‘టామ్ పెయిన్’ 5.5 శాతం, 1768 నుంచి 1774 దాకా ఆ ఊళ్లో బతికిన రచయిత పేరు మీద. ‘ఇంపీరియల్ స్టౌట్’ అనే నల్ల బీరు 9 శాతం, దాని జోలికి పదో పాఠం దాకా వెళ్లకండి. ససెక్స్ బెస్ట్ 4 శాతమే, అందుకే పాఠానికి పనికొస్తుంది.

హాప్‌లు, మాటిచ్చాను కాబట్టి. ఫగుల్ అంటే వాన తడిసిన తోట మట్టి, ఎండుగడ్డి. గోల్డింగ్స్ అంటే పలచటి తేనె, పూలు. బ్రామ్లింగ్ క్రాస్‌లో బ్లాక్‌కరెంట్ పండ్ల జామ్ ఛాయ. మిగతాది ఐదో పాఠంలో.

ఇక అభ్యాసం. దీనికి ఒక సాయంత్రం మొత్తం పడుతుంది, వారం మధ్యలో మొదలుపెట్టకండి. తాగనివాళ్లు మొదటి భాగం చేస్తే చాలు, పాఠంలో ముఖ్యమైనది అదే.

చెంచాడు మెంతుల్ని గ్లాసుడు నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. ఇంకో గ్లాసులో పాలూ పంచదారా లేని టీ, పావుగంట మరిగించి చల్లార్చింది. మూడో గ్లాసులో నిమ్మరసం పిండిన నీళ్లు. కళ్లు మూసుకుని ఇంట్లో ఎవరితోనైనా వరస మార్పించుకుంటూ తొమ్మిదిసార్లు గుక్క వేయండి. ప్రతిసారీ నాలుకను అంగిలికి రుద్ది పేరు చెప్పండి. తొమ్మిదికి తొమ్మిదీ సరిగ్గా చెప్పేదాకా రెండో భాగానికి రాకండి. నాకు మొదటిసారి ఆరు వచ్చాయి.

రెండో భాగం. ఒక ఏల్ సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి మూడు గ్లాసుల్లో సమంగా పోయండి. మొదటిది వెంటనే, రెండోది 20 నిమిషాలకి, మూడోది 40 నిమిషాలకి. హైదరాబాదులో భట్టీ పబ్బుల్లో తాగేవాళ్లు కూడా ఇలాగే గ్లాసుని బల్ల మీద వదిలేసి ఆగండి, సర్వరు ఏమనుకున్నా సరే. మూడింటికీ వేర్వేరుగా ఐదేసి వాక్యాలు. చేదు అని రాస్తే పక్కనే ఏ చేదో రాయాలి: కాకరా, మెంతా, వేపా. “బాగుంది” అని రాసినవి తిప్పి పంపుతాను.