మోడల్ రైలు పట్టాల పక్కన గుత్తి కొండ, ఎర్రనేల

మోడల్ రైళ్లలో హెచ్‌ఓ స్కేలంటే 1:87, అంటే అసలుకన్నా 87 రెట్లు చిన్నది. ఆ లెక్కన 6 మీటర్ల వేపచెట్టు 7 సెం.మీ., మనిషి 2 సెం.మీ. ఈ కొలత తప్పితే కొండ ఎంత బాగా కుదిరినా బొమ్మలకొలువులాగే ఉంటుంది.

కొండకోసం థర్మోకోల్ పలకలను మెట్లుగా ఫెవికాల్‌తో అంటించండి. రబ్బరు గమ్ము, స్ప్రే పెయింటు థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. పైన ఫెవికాల్ నీళ్లలో ముంచిన పేపరు ముక్కలు రెండు వరుసలు పరవండి. ఆరాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్: గ్లాసు నీళ్లలో రెండు గ్లాసుల పొడి చల్లుతూ కలపాలి. పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. గుత్తి గుండ్లకు పదునైన అంచులుండవు, బిగిసేలోపే తడివేలితో నునుపు చేయండి.

ఎర్రమన్ను మాత్రం గుత్తి ప్రాంతానిదే వాడాలి, ఏ రంగూ దానికి సాటిరాదు. పెనంమీద వేయించి, పలచటి బట్టలో జల్లించండి. తర్వాత కవరులో చుట్టిన అయస్కాంతాన్ని అందులో రెండుమూడుసార్లు తిప్పండి. ఇది మానొద్దు. ఇనుప రేణువులు మిగిలితే ఇంజను మోటారు లాక్కుంటుంది, మోటారు పాడవుతుంది.

మన్ను చల్లి, ముందు నీళ్లు స్ప్రే చేసి, ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి డ్రాపర్‌తో వేయండి. రెండు చుక్కల గిన్నెల సబ్బు కలపకపోతే జిగురు ఇంకదు, పైనే ముత్యాల్లా నిలిచి మన్నును గుంటలు చేస్తుంది. పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక దారినుంచి ఇంకో దారికి మారేచోట, జిగురు పడితే పట్టా కదలదు.

వేరుశనగ చేనుకు రంగేసిన రంపపుపొట్టు చాలు, సాలుకూ సాలుకూ 3.5 మి.మీ.

వంపుల్లో కొండ అంటించేముందే మీ దగ్గరున్న అతిపొడవు బోగీని తోసి చూడండి. వంపులో బోగీ మధ్యభాగం లోపలికి, కొనలు బయటికి వస్తాయి, అవి కొండకు తగలకూడదు.