ఇంజిన్ వేడి కొలిచే సెన్సర్ తయారీ, 4వ పాఠం: కోరాపుట్ నీళ్లు, బాడీ ఎర్త్

పోయిన పాఠం చదివి కోరాపుట్ వాళ్లు నలుగురు ఒకటే ఫిర్యాదు: "మాస్టారూ, మరిగే నీళ్లలో 186 ఓములు రావాలన్నారు, 200 దాటుతోంది. సెన్సర్ పోయినట్టుంది."

పోలేదు. తప్పు నాది. బరంపురంలో, సముద్రం పక్కన, గిన్నె పొయ్యి మీద పెట్టి కొలిచి రాసేశాను. మీరుండేది దాదాపు 870 మీటర్ల ఎత్తున. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా పప్పు ఎంతసేపటికి ఉడుకుతుందో ఇంట్లో అడగండి. 97 దగ్గర మన థర్మిస్టర్ (సెన్సర్ లోపలి ముక్క, వేడెక్కేకొద్దీ దాని ఓములు తగ్గుతాయి) 202 ఓములు చూపాలి, చూపింది. జయపురం వాళ్లు 98 వేసుకోండి.

సెన్సర్‌కి 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీదుగా 5 వోల్టులిచ్చి, సెన్సర్ దగ్గర వచ్చే వోల్టు చదవడం మీకొచ్చు, మళ్లీ చెప్పను.

నాకు ఒళ్లు మండేది ఎర్త్ దగ్గర. సెన్సర్ రెండో వైరు తీసుకెళ్లి బండి బాడీ మీద దగ్గర్లో ఏ బోల్టు కనిపిస్తే దానికి బిగించేస్తారు. ఆ బాడీలోంచే హెడ్‌లైట్లు, హారన్, రేడియేటర్ ఫ్యాన్ కరెంటంతా బ్యాటరీకి తిరిగి వెళ్తుంది. తుప్పు పట్టిన జాయింట్ ఒక్కటుంటే చాలు, బాడీ 0.2 వోల్టు పైకి లేస్తుంది. 80 డిగ్రీల దగ్గర 1.22 వోల్టులు రావలసింది 1.37 వస్తుంది. వోల్టు పెరిగితే వేడి తగ్గినట్టు లెక్క కాబట్టి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) దాన్ని 75 డిగ్రీలనుకుంటుంది. ఐదేగా అనకండి. 100 దగ్గర 0.78 కాస్తా 0.95 అవుతుంది, ఎనిమిదిన్నర డిగ్రీలు తక్కువ చదువుతుంది. ఫ్యాన్ 95కి పెట్టుంటే ఇక తిరగదు. పగలు షెడ్డులో చూస్తే అంతా బాగానే ఉంటుంది. రాత్రి లైట్లు వేసుకుని సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు పొగలొస్తాయి.

ఇంకో రకం కూడా చూశాను, ఒక జీపులో. ఫ్యాన్ తిరగ్గానే దాని కరెంటుకే ఎర్త్ లేచి, ఇంజిన్ చల్లబడ్డట్టు కనిపించి, ఫ్యాన్ ఆగేది. ఆగ్గానే ఎర్త్ దిగి, మళ్లీ తిరిగేది. ఓనరు ఫ్యాన్‌ని ఆన్ చేసే రిలేలు మూడు మార్చాడు పాపం.

రెండో వైరు ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్నుకే వెళ్లాలి, వేరే ఎక్కడికీ కాదు. నేనైతే రెండు వైర్లూ మెలేసి తీసుకెళ్తాను. ఈ సెన్సర్‌కి అంత అవసరం లేదు, అలవాటు.

అన్నట్టు, అభ్యాసం. మరిగిన నీళ్లు దించి, చల్లారుతుండగా 95 నుంచి 40 దాకా ప్రతి 5 డిగ్రీలకూ ఓములు రాయండి. వేడెక్కేటప్పుడు వద్దు, థర్మామీటరూ సెన్సరూ ఒకదాని వెనక ఒకటి పరిగెడతాయి. పన్నెండు రీడింగులు, మూడుసార్లు. వచ్చే పాఠంలో మొదటి లెక్క ఆ టేబుల్‌తోనే చేస్తాం.