ఎంఆర్ సూది తర్వాత ఎర్ర చుక్కలు కనిపిస్తే

తట్టు, రుబెల్లా రాకుండా పిల్లలకు ఎంఆర్ టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి వేస్తారు. తట్టు టీకా ఉన్న సూదుల తర్వాత సుమారు 30-40 వేల డోసులకు ఒక బిడ్డలో, ఆరు వారాల లోపు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు సొంత ప్లేట్‌లెట్లకే అంటుకుంటాయి, ప్లీహం వాటిని నాశనం చేస్తుంది. డాక్టర్లు దీన్ని ఐటీపీ అంటారు. టీకా మానేస్తే పోతుందిలే అనుకోకండి. తట్టు, రుబెల్లా జబ్బులతో ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ముందు చుక్కల సంగతి తేల్చుకోవాలి. సూది వేసిన వారం, పది రోజులకు జ్వరంతో వచ్చే మామూలు దద్దు మీద గాజు గ్లాసు నొక్కి చూస్తే ఎరుపు పోతుంది. గ్లాసు కిందా చెక్కుచెదరకపోతే అది చర్మంలోకి కారిన రక్తం. కాళ్ల మీద గుండుసూది తలంత చుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం ఉన్నాయేమో చూడండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి.

మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. రిపోర్టులో పది వేలని ఉంటే గుండె ఆగినంత పనవుతుంది, కానీ అంకెను అప్పుడే నమ్మకండి. చిన్న పిల్లల వేలు పిండి తీసినా, ఊదా మూత ట్యూబును వెంటనే కలపకపోయినా రక్తం గడ్డకట్టి లెక్క తగ్గుతుంది. కొందరి రక్తంలో ఆ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్లనే ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి. స్మియర్ వేసి, అంటే గాజు పలక మీద రక్తపు చుక్కను పల్చగా పూసి, మైక్రోస్కోపు కింద చూడమనండి. గుంపులు కనిపిస్తే నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయాలి. అందులో ద్రవం కలుస్తుంది కాబట్టి వచ్చిన లెక్కను 1.1తో హెచ్చిస్తారు. స్టెరాయిడ్ మొదలుపెట్టేముందే స్మియర్ చూడాలి. లేకపోతే రక్త క్యాన్సర్ ఉన్నా మరుగున పడొచ్చు. మిగతా కణాలు సరిగా ఉండి, కాలేయం, ప్లీహం పెరగకపోతే ఐటీపీ వైపు మొగ్గుతారు. వానాకాలంలో జ్వరం కూడా ఉంటే డెంగీ పరీక్ష తప్పదు.

చుక్కలు మాత్రమే ఉంటే చాలామంది పిల్లలకు మందే అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే వారాల్లో కోలుకుంటారు. రక్తం కారుతుంటే కొద్ది రోజుల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ గానీ, కిలో బరువుకు 0.8 నుంచి 1 గ్రాము ఇమ్యూనోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) గానీ ఇస్తారు. ప్లేట్‌లెట్లు ఎక్కించమని పట్టుబట్టకండి, ఎక్కించినవీ అలాగే నశిస్తాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఆ పని. బొప్పాయి ఆకు రసం ఈ యాంటీబాడీలను ఆపదు. జ్వరానికి పారాసెటమాల్ చాలు, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. పిరుదుకు సూదులు వేయించకండి.

తలనొప్పి, ఆగని వాంతులు, మగత, తలకు దెబ్బ, నల్లటి విరేచనం, పది నిమిషాలు నొక్కినా ఆగని ముక్కు రక్తం: వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఉదయగిరి వైపు వాళ్లు తెల్లవారేదాకా ఆగకుండా నెల్లూరు పెద్దాసుపత్రికి, ఒంగోలు దగ్గరైనవాళ్లు ఒంగోలు పెద్దాసుపత్రికి బయల్దేరాలి.

టీకాల వివరాలు రాసే ఎంసీపీ (తల్లీబిడ్డల) కార్డు వెంట ఉంచుకోండి. సూది వేసిన తేదీ, చుక్కలు కనిపించిన తేదీ ఏఎన్ఎమ్‌కు చెప్పి, పీహెచ్‌సీ డాక్టరుతో టీకా తర్వాతి ఇబ్బందిగా నమోదు చేయించండి. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే హెల్ప్‌లైన్ 1800-180-3024కి కూడా చెప్పొచ్చు. రెండో డోసు సంగతి ఇంట్లో తేల్చుకునేది కాదు, పిల్లల డాక్టరు ఆ తేదీలు, రిపోర్టులు చూసి చెప్పాలి.