మిద్దె తోటలో మందు కొట్టే ముందు

కుండీలో మొక్క వాడితే మన చెయ్యి ముందు నీళ్ల చెంబు మీదకు పోతుంది. వానాకాలంలో ఆ చెంబే మొక్క ప్రాణం తీస్తుంది. ఏ కాలంలో ఉన్నామో చూసుకొని, మట్టిలో రెండు కణుపుల లోతున వేలు పెట్టి, ఆకును తిరగేసి చూశాకే ఏ పనైనా మొదలుపెట్టండి.

మిరప ఆకు ముడుచుకుంటోందా?

ముడత ఎటువైపో చూడండి. అంచులు పైకి లేచి ఆకు దోనెలా అయితే తామర పురుగుల పని. లేత కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి నాలుగుసార్లు తట్టండి. సన్నని గీతల్లాంటి పురుగులు కాగితం మీద పరుగెత్తుతాయి. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగితే అది తెల్లనల్లి. దాన్ని చూడాలంటే భూతద్దం కావాలి.

తామర పురుగులకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె చాలు. నూనెను ముందు కుంకుడు రసంలో బాగా గిలక్కొట్టి, ఆ తర్వాత నీళ్లలో కలపండి. లేకపోతే నూనె పైకి తేలుతుంది. సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా, వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టండి. నల్లికైతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. మండుటెండల్లో గంధకం వద్దు, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు అసలే వద్దు, ఆకులు మాడిపోతాయి. ముడుచుకున్న ఆకు మళ్లీ విచ్చుకోదు, కొత్త చిగురు బాగుంటే మందు పనిచేసినట్టే. మొక్క మొత్తం గిడసబారి, చిన్న ఆకులు పసుపెక్కి గుత్తిలా వస్తే మాత్రం అది తెల్లదోమ తెచ్చే వైరస్. దానికి మందు లేదు. మనసు రాకపోయినా పీకేయండి, పక్క మొక్కలు దక్కుతాయి.

వానల్లో కింది ఆకులు పసుపెక్కితే?

మట్టి తడిగా ఉండి మొక్క వాడిందంటే వేళ్లకు గాలి ఆడడం లేదు. కుండీ అడుగు రంధ్రం వేళ్లతోనో మట్టితోనో మూసుకుపోయి ఉంటుంది. పుల్లతో పొడిచి, కుండీని రెండు ఇటుకల మీదకు ఎత్తండి.

ఏప్రిల్‌లో టమాటా పూత రాలుతోందా?

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు. ఏ టానిక్కూ దీన్ని ఆపలేదు. షేడ్‌నెట్ కట్టి, మట్టి మీద ఎండుటాకులు పరిస్తే మొక్క బతుకుతుంది గానీ కాపు ఆశించకండి. వేసవిని బెండకు, గోరుచిక్కుడుకు, తోటకూరకు వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

కాయ అడుగు నల్లబడితే నీళ్లలో హెచ్చుతగ్గులే తరచూ కారణం. గుడ్డు పెంకులు కరిగి కాల్షియం అందడానికి నెలలు పడుతుంది, ముందు రోజూ ఒకే కొలతలో నీళ్లు పోయండి.

చలికాలంలో చిక్కుడుకు నల్లటి పేనుబంక

పేనుబంక అంటే తీగ రసం పీల్చే బుల్లి పురుగుల గుంపు. తీగ మీద చీమల బారు కనపడితే అనుమానించండి. నీళ్ల పైపుతో గట్టిగా కడిగితే చాలా వరకు పోతుంది. అయితే ముందు ఆ గుంపులో వెతకండి. నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా ఉండే నల్లటి పురుగు కనిపిస్తే దాన్ని నలపకండి, వేపనూనె కూడా కొట్టకండి. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దదయ్యేలోపు వందల పేనుబంక పురుగులను తినేస్తుంది.