పెరటి పందిరి ఒరిగితే, మెత్తబడితే, తీగ పాకకపోతే: సమస్య – పరిష్కారం

తీగ పాకకముందు ఏ పందిరైనా నిలబడుతుంది. పాదు దట్టంగా అల్లుకుని, ఆకులు వానకు తడిసి, సొరకాయలు వేలాడే రోజుల్లో గాలి వీచిందా, లోపాలన్నీ బయటపడతాయి. కింద చెప్పే కొలతలు సర్వి (సరుగుడు) రాటలు, చెక్క రీపర్లతో (సన్నని పట్టీలతో) 6 అడుగుల ఎత్తున వేసే పందిరికి.

గాలికి పందిరి ఒకవైపు ఒరుగుతోంది

ముందు రాట మొదలు పట్టుకుని ఊపి చూడండి. మట్టితో సహా కదిలితే గొయ్యి లోతు చాలలేదన్నమాట. 8 అడుగుల రాట తెచ్చి 2 అడుగులు భూమిలోకి దించాలి. గొయ్యిలో మట్టంతా ఒకేసారి పోసి పైపైన తొక్కితే నిలవదు. అరడుగు మందాన కంకర, మట్టి కలిపి వేస్తూ, ప్రతి వరసనూ గడ్డపార వెనక కొసతో కూరాలి. నల్లరేగడి అయితే కంకర పాలు పెంచండి. ఆ నేల ఎండకు పగిలి రాటను వదిలేస్తుంది.

మొదలు గట్టిగానే ఉండి పైభాగం మాత్రమే ఊగుతుంటే తప్పు మూలల్లో ఉంది. రాట, అడ్డకర్ర కలిసేచోట ఎన్ని మేకులు కొట్టినా చట్రం పక్కకు వాలుతూనే ఉంటుంది. మూలకు అడుగున్నర కింద రాట మీద నుంచి, మూలకు అడుగున్నర దూరంలో అడ్డకర్ర మీదకు ఏటవాలుగా ఒక దన్నుకర్ర వేయండి. రెండున్నర అడుగుల ముక్క సరిపోతుంది. ప్రతి మూలలోనూ రెండు దిక్కులా ఉండాలి. మేకు కాదు, వాషర్లతో 8 మి.మీ. బోల్టు బిగించండి. గాలి ఊపుకి మేకు మెల్లగా పైకి లేస్తుంది.

నేలమట్టం దగ్గర రాట మెత్తబడింది

స్క్రూడ్రైవర్ సులువుగా దిగితే కుళ్ళు పట్టినట్టే. భూమి లోతున గాలి తక్కువ, పైన తడి ఆరిపోతుంది. కుళ్ళుకు కావలసిన గాలి, తడి రెండూ కలిసి ఉండేది నేలమట్టం దగ్గరే. చాలా ఇళ్ళలో పాదును రాట మొదట్లోనే కడతారు, రోజూ నీళ్ళు అక్కడే పోస్తారు. పాదును కనీసం అడుగున్నర దూరం జరపండి. రాట చుట్టూ సిమెంటు వేసి ఉంటే దాని పైభాగం బయటికి వాలుగా ఉండాలి. గిన్నెలా ఉంటే నీళ్ళు నిలిచి కుళ్ళు ఇంకా త్వరగా వస్తుంది.

కుళ్ళిన చోట తారు పూయడం వృథా. పందిరికి పోటు (ఆసరా కర్ర) పెట్టి, మెత్తని భాగం కోసేసి, 4 అడుగుల L ఆకారపు ఇనుప యాంగిల్‌ను సగం భూమిలో పాతి, మిగిలిన రాటను దానికి రెండు బోల్టులతో బిగించండి. చెక్క అడుగు నేలకు 2 అంగుళాలు పైనే ఆగాలి. చెద పట్టినప్పుడూ ఇదే పద్ధతి. చెద ఎక్కాలంటే ఇనుము మీద మట్టిగూడు కట్టక తప్పదు, కనబడగానే గీకేయొచ్చు. కూరగాయల పాదులో చెదమందు పోయకండి.

రీపరు చివర చీలింది

చివరికి మరీ దగ్గరగా మేకు దిగింది. అంగుళన్నర వదిలి, స్క్రూ కంటే సన్నని బెజ్జం ముందుగా వేసి బిగించండి. వెదురుకైతే మేకే వద్దు. కణుపు పక్కన జీఐ తీగతో (జింకు పూత ఇనుప తీగతో) కట్టండి.

పందిరి బాగుంది, తీగే పాకడం లేదు

ఇక్కడ తీగ స్వభావం చూడాలి. బీర, సొర, కాకర నులితీగలతో పట్టుకుంటాయి. వాటికి పెన్సిలంత సన్నని ఆధారం కావాలి. 2 అంగుళాల రీపరును అవి చుట్టలేక జారిపోతాయి. రీపర్ల మధ్య నిలువుగా కొబ్బరితాళ్ళు లాగితే ఇబ్బంది తీరుతుంది. చిక్కుడు, బచ్చలి కాండంతోనే చుట్టుకుంటాయి, వాటికి సన్నని నిలువు కర్ర చాలు. కాగితంపూల తీగకు చుట్టుకునే అలవాటే లేదు, ముళ్ళ ఆసరాతో వాలుతుంది. ఎదిగేకొద్దీ మనమే వదులుగా కట్టాలి. గోడకు ఆనించిన పందిరైతే వెనక 3 అంగుళాల సందు వదలండి, లేకపోతే తీగకు చుట్టూ తిరిగే చోటుండదు.

కాయలు వంకరపోతున్నాయి, ఇరుక్కుంటున్నాయి

పై అల్లిక గళ్ళు చిన్నవైతే పిందె పైనే ఉండిపోయి, లావెక్కాక కిందికి దిగదు. గళ్ళు 6 నుంచి 8 అంగుళాలు ఉండేలా చూసి, పిందెలను చిన్నప్పుడే కిందికి వదలండి. పొట్లకాయ వంకర తిరుగుతుంటే కొసకు చిన్న రాయి దారంతో కట్టండి. రాయి బరువెక్కువైతే తొడిమ దగ్గర తెగి కాయే రాలిపోతుంది.