పెళ్లి కాకుండా పుట్టిన కూతురికి బర్న్స్ పలికిన స్వాగతం: ఈ స్కాట్స్ కవితను చదవడం ఎలా?

1785 మే 22న స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్‌కి మొదటి బిడ్డ పుట్టింది. అతనికి అప్పుడు 26 ఏళ్లు, పెళ్లి కాలేదు. తల్లి ఎలిజబెత్ పేటన్, బర్న్స్ వాళ్ల ఇంట్లో పనికి ఉన్న అమ్మాయి. ఊరంతా గుసగుసలు, చర్చిలో పంచాయితీ. ఆ గొడవ మధ్యలోనే అతను పసిబిడ్డను పలకరిస్తూ ఓ కవిత రాశాడు. కవి తన ప్రేమఫలమైన కూతురికి చెప్పిన స్వాగతం అని దానికి పేరు. మరుసటి ఏడాది కిల్మార్నాక్‌లో అచ్చయిన తన మొదటి పుస్తకంలో మాత్రం దీన్ని చేర్చలేదు. బతికుండగా దాన్ని అచ్చులో చూసుకోనూ లేదు.

ఇది స్కాట్లండ్ వాళ్ల స్కాట్స్ భాషలో ఉంది, అందుకే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా ఈ కవిత మొదటి పాదం దగ్గరే ఆగిపోతారు. టెన్షన్ పడకండి. ఒక పద్ధతిలో వెళ్తే రెండు మూడు సాయంత్రాల్లో లొంగుతుంది.

మొదటి మెట్టు: అర్థం జోలికి పోకుండా పైకి చదవండి

మొదటి పాదం 'దౌజ్ వెల్కమ్, వేన్'. వేన్ అంటే పసిబిడ్డ. 'వీ' (చిన్న), 'ఏన్' (ఒకటి) అనే రెండు మాటలు కలిసిపోయి పుట్టిన పదం. ఉచ్చారణ పట్టుబడకపోతే బర్న్స్ రచనలను స్కాట్లండ్ నటులు చదివిన రికార్డింగులు బీబీసీవి ఉన్నాయి, వినండి.

ఒక్కో పద్యంలో ఆరు పాదాలు. నాలుగోదీ ఆరోదీ పొట్టివి, మిగతావి పొడుగు. పొడుగు పాదాలు నాలుగింటికీ ఒకే అంత్యప్రాస, పొట్టివాటికి వేరేది. కిల్‌బార్కన్ ఊళ్లో హాబీ సింప్సన్ అనే బ్యాగ్‌పైపు వాయిద్యగాడు పోయాక 17వ శతాబ్దంలో అతని మీద రాసిన స్మృతిగీతం నుంచి ఈ ఛందస్సుకు 'స్టాండర్డ్ హాబీ' అనే పేరొచ్చింది. తర్వాత బర్న్స్ దీన్ని ఎంతగా వాడాడంటే ఇప్పుడు 'బర్న్స్ స్టాంజా' అన్నా చెల్లుతుంది.

మొదటి పద్యంలో పొట్టి పాదాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 'మై బోనీ లేడీ' (బోనీ అంటే చక్కని), రెండోది 'టైటా ఆర్ డాడీ' (టైటా అన్నా నాన్నే). ఒక పనిమనిషి కన్న బిడ్డను తండ్రి దొరసానిలా 'లేడీ' అంటున్నాడు. మనింట్లో పసిపిల్లను 'బంగారు తల్లీ' అన్నట్టు. బదులుగా ఆ పిల్ల అతన్ని నాన్నా అని పిలవాలి. కవిత మొత్తం ఈ రెండు పిలుపుల మధ్యే ఉంది. ఇది నాకు నాలుగోసారి చదివితే గానీ తట్టలేదు.

రెండో మెట్టు: మాటలను మూడు కుప్పలు చేయండి

స్కాట్స్ అంటే తప్పుల ఇంగ్లీషు కాదు, దాని తోబుట్టువు. మొదటి కుప్పలో అక్షరం రాలిపోయిన మాటలు వేయండి: ఫా, కా, ఆ. వీటి చివర 'ల్' శబ్దం పోయిందంతే. రెండో కుప్పలో రూపం మారినవి: మెయిర్ (ఎక్కువ), బేత్ (రెండూ), డాక్టర్ (కూతురు, మందులిచ్చే డాక్టర్ కాదు, 'క'ను గొంతులోంచి 'ఖ్' అని గరగరలాడించాలి). మూడోది అచ్చంగా స్కాట్స్: ఫాష్ (బెడద), డాట్ (ముద్దుచేయడం), టింట్ (పోయినది).

ఇబ్బంది పెట్టేది నాలుగో రకం, తెలిసినట్టే ఉండి మోసం చేసేవి. 'క్లాష్' అంటే ఇక్కడ గుద్దుకోవడం కాదు, ఊరి కబుర్లు. 'గెట్' అంటే తెచ్చుకోవడం కాదు, బిడ్డను పుట్టించడం. ఒక పద్యంలో ఇలా అంటాడు: నరకానికి పోకుండా మిగిలిన పాదరీలందరి కళ్లెదుటే నిన్ను కన్నట్టు అంతే ఇష్టంగా గుండెకు హత్తుకుంటాను. 'గెట్'కు అర్థం తెలియకపోతే ఈ కొంటెతనమంతా చేజారుతుంది. సందేహం వచ్చిన ప్రతి మాటకూ స్కాట్స్ నిఘంటువుల వెబ్‌సైట్ చూడండి, ఉచితం. ఏఐ అనువాదాన్ని మాత్రం ఇక్కడ నమ్మొద్దు. ధీమాగా ఇంగ్లీషు అర్థమే చెప్పేస్తుంది.

మూడో మెట్టు: రెండు ప్రతులు పక్కన పెట్టుకోండి

రాతప్రతులు వేర్వేరుగా ఉండటంతో పద్యాల వరుస, కొన్ని మాటలు పుస్తకానికీ పుస్తకానికీ మారతాయి. ఒక పాదంలో కొన్నిచోట్ల 'నౌ ఆ టింట్' అని, కొన్నిచోట్ల 'నో ఆ టింట్' అని ఉంటుంది. మొదటిదైతే 'నా సరదా శ్రమంతా ఇప్పుడు పోయింది' అని. రెండోదైతే స్కాట్స్‌లో 'నో' అంటే కాదు కాబట్టి 'అంతా వృథా పోలేదు' అని. ఒక్క అక్షరంతో తండ్రి మొహం మారిపోతోంది. నా ఓటు రెండోదానికే, ఎందుకంటే పై పాదంలోనే బిడ్డను తీయని పండు అన్నాడు.

నాలుగో మెట్టు: ఎవరు ఎవర్ని ఏమన్నారో రాసుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. 'ఫార్నికేటర్' అని అతన్ని ఊరు అంటోంది. వ్యభిచారి అని. అది ఉత్త తిట్టు కాదు, చర్చి పెద్దల సభ అయిన కర్క్ సెషన్ వాడే అధికారిక పదం. పెళ్లి కాకుండా బిడ్డను కన్నవాళ్లను ఆదివారం అందరి ముందూ నిలబెట్టి మందలించేవాళ్లు. బర్న్స్‌కీ ఆ మర్యాద జరిగింది. అందుకే కవితలో ఆ మాటను దాచడు, తనే ఎత్తి చూపించి, వాళ్లు ఎంత వాగితే నాకంత పేరు అంటాడు.

బిడ్డ గురించి వాడినది 'అస్క్‌లెంట్' అనే మాట. ఓరగా, పక్కవాటుగా అని. లోకంలోకి తిన్నగా కాకుండా ఓరగా వచ్చావు, మూర్ఖులు నవ్వుతారు నవ్వనీ, అంటాడు. మనం తెలుగులో పెట్టేటప్పుడు చేయి అలవాటుగా 'అక్రమ సంతానం' అని రాసేస్తుంది. అలా రాస్తే కర్క్ సెషన్ పక్షాన చేరినట్టే. 'ఓరవాకిలి గుండా వచ్చావు' అనడం నాకు నచ్చింది.

ఇంకో మాట 'ప్లాక్'. నా చివరి ప్లాక్‌లో నీ వాటా ఉంటుంది, అదీ పెద్ద సగం, అని మాటిస్తాడు. ప్లాక్ అంటే ఇంగ్లీషు పెన్నీలో మూడో వంతు విలువ చేసే స్కాట్లండ్ చిల్లర నాణెం. 1707 విలీనంతో స్కాట్లండ్ సొంత నాణేలు పోయాయి, మాట మాత్రం నాలుక మీద మిగిలింది. మన దమ్మిడీ కూడా అంతే కదా. కాబట్టి 'నా చివరి దమ్మిడీలో' అంటే ఏ ఫుట్‌నోటూ అక్కర్లేదు.

ఐదో మెట్టు: మాట నిలబెట్టుకున్నాడా?

1786 జులైలో జమైకా పోదామని ఆలోచిస్తూ బర్న్స్ ఒక దస్తావేజు రాశాడు. తన ఆస్తి, పుస్తకం మీద రాబోయే లాభంతో సహా తమ్ముడు గిల్బర్ట్ పేర పెట్టి, ఆ డబ్బుతో ఈ కూతురు బెస్‌ను పెంచాలన్నాడు. చివరి దమ్మిడీ ఇదేనన్నమాట. కానీ అదే నెలలో బర్న్స్ వల్ల గర్భవతి అయిన ఇంకో అమ్మాయి జీన్ ఆర్మర్ తండ్రి అతని మీద కోర్టుకెక్కుతున్నాడు. ఆస్తి తమ్ముడి పేర ఉంటే జీన్ తండ్రి చేతికి చిక్కదు. రెండూ నిజమే. ఒకదాని కోసం రెండోది చెరిపేయకండి.

ఎలిజబెత్ సంగతీ రాసుకోండి. కవితలో ఆమె 'మామీ', 'బోనీ బెటీ'. ఆమె అందం, గుణం బిడ్డకు రావాలని కోరుకున్నాడు, పెళ్లి మాత్రం చేసుకోలేదు. బెస్ బర్న్స్ కుటుంబపు మాస్‌గీల్ పొలంలో నాయనమ్మ దగ్గర పెరిగింది.

చివరిగా శీర్షిక

శీర్షికను మొదట తెలుగు చేయకండి, చివరికి ఉంచండి. రాతప్రతుల్లో ఒకచోట 'ప్రేమ కన్న కూతురు' అన్న అర్థం వచ్చే పేరుంది. ఇంకోచోట 'బాస్టర్ట్ వేన్' అని మొరటుగా ఉంది. రెండోది చూసి జంకకండి. ఊరు విసిరిన రాయిని తనే పట్టుకుని పక్కన 'వేన్' అనే ముద్దుమాట పెట్టాడు.

నేను నోట్‌బుక్‌లో మూడు శీర్షికలు రాసి కొట్టేశాను. ఇప్పుడున్నది 'రా తల్లీ'.